ఆల్బర్ట్ కాల్మెట్

ఆల్బర్ట్ కాల్మెట్ (జూలై 12, 1863 - అక్టోబర్ 29, 1933) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. క్షయ వ్యాధి నివారణకు వాడే బి.సి.జి. టీకాను కామిల్ గెరెన్‌తో కలసి రూపొందించాడు. టీకా పేరులోని సి, జి అక్షరాలు వీరిద్దరి పేర్లకు సంకేతాలు.

తొలి జీవితం

కాల్మెట్ నీస్ నగరంలో జన్మించాడు. నౌకాదళ వైద్యునిగా ఆసియా, ఆఫ్రికా ప్రాంతాలలో పనిచేశాడు. 1891లో సైగాన్ నగరంలో పాశ్చర్ సంస్థ శాఖను స్థాపించాడు. పాము విషానికి విరుగుడు సీరం తయారుచేసిన తొలి శాస్త్రవేత్తలలో ఈయన ఒకడు. 1895 నుండి 1919 వరకు లీల్ నగరంలోని పాశ్చర్ సంస్థకు సంచాలకుడు. ఆ పారిశ్రామిక నగరంలో క్షయ తీవ్రతను గమనించి, 1901లో పేద రోగుల కొరకు క్షయ చికిత్సాలయాన్ని ప్రారంభించాడు.

బి.సి.జి. టీకా

పశువులకు క్షయ కలిగించే బాక్టీరియాను కాల్మెట్, పశువైద్యుడైన గెరెన్ 1908 నుండి ఎద్దు పైత్యరసం, గ్లిజరిన్ కలిపిన బంగాళాదుంప ముక్కలపై పెంచసాగారు. సుమారు మూడు వారాలకొకసారి కొత్త ముక్కలపైకి మార్చేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లీల్ జర్మనీ ఆక్రమణలో ఉన్నప్పుడు కూడ ఈ పని ఆగలేదు. పదమూడు సంవత్సరాలలో 230 మార్పుల తరువాత ఆ బాక్టీరియా వ్యాధి కలిగించే శక్తిని కోల్పోయింది. 1921లో పారిస్‌లో మొదటిసారిగా ఒక శిశువుకు ఈ టీకాను నోటి ద్వారా ఇచ్చారు. ఆ శిశువు తల్లి క్షయతో మరణించింది.

టీకా పనిచేసే విధానం కాల్మెట్ మరణానంతరమే స్పష్టమైంది. శరీరంలోని భక్షక కణాలు బలహీనపడిన బాక్టీరియాను మ్రింగి, దాని భాగాలను టి-కణాలకు చూపుతాయి. తరువాత అసలు క్షయ క్రిమి ప్రవేశిస్తే, శిక్షణ పొందిన టి-కణాలు భక్షక కణాలను ఉత్తేజపరచి ఆ క్రిమిని అదుపు చేస్తాయి.

ల్యూబెక్ దుర్ఘటన

1930లో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో టీకా పొందిన సుమారు 250 మంది శిశువులలో 70 మందికి పైగా క్షయతో మరణించారు. అక్కడి ప్రయోగశాలలో టీకాలో ప్రమాదకరమైన క్షయ క్రిములు కలవడమే కారణమని విచారణలో తేలింది. 1932లో ఇద్దరు వైద్యులకు కారాగార శిక్ష పడింది. టీకా నిర్దోషమని రుజువైనా, ఈ దుర్ఘటన కాల్మెట్‌ను తీవ్రంగా కలచివేసింది. మరుసటి సంవత్సరమే పారిస్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

1948లో భారతదేశంలో మద్రాసులోని గిండీ వద్ద బి.సి.జి. ప్రయోగశాల ఏర్పడింది. పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా నమ్మకంగా ఆపలేదు. అయితే పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుండి కాపాడుతుంది. అందువలన భారతదేశంలో నేటికీ నవజాత శిశువులకు దీనిని ఇస్తున్నారు.