శరత్ బాబు దేవదాసు

ఆర్మూరు అంగడికి పసుపు తెచ్చిన రైతునడిగినా దేవదాసు కథ చెప్పగలడు. అయితే అతడు చెప్పేది 1953 నాటి చలనచిత్ర కథ. నవలాకర్త శరత్‌చంద్ర చటోపాధ్యాయ అప్పటికి కీర్తిశేషులై పదిహేనేండ్లయింది.

ఆయన 1876లో హుగ్లీ జిల్లా దేవానందపురంలో జన్మించారు. తండ్రి కథలు మొదలుపెట్టి పూర్తిచేయని స్వాప్నికుడు. దారిద్ర్యంవల్ల కుమారుని కళాశాల చదువు ఆగిపోయింది. యౌవనంలోనే దేవదాసు వ్రాసినా, ఆ రచనపట్ల ఆయనకు సంకోచమే. ప్రకటనకు చాలకాలం సమ్మతించలేదు. 1903లో రంగూను వెళ్లి గుమాస్తాగా పనిచేసి 1916లో తిరిగివచ్చారు. మరుసటి ఏడు నవల వెలువడింది. చక్రపాణి అనువాదాలతో శరత్ బాబు తెలుగువారికి ఆత్మీయులైనారు. 1938లో కలకత్తాలో కన్నుమూశారు.

ఆ సంకోచం అకారణమని నేననను. నవలలోని దేవదాసు ధీరుడు కాడు; పార్వతి అర్ధరాత్రి తెగించి తన గదికి వచ్చిన వేళ సైతం నిశ్చయించుకోలేని దుర్బలుడు. రచయిత అతనిపై జాలిపడినారే గాని అతనిని ఆరాధించలేదు. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలోని చిత్రంలోనూ ఆ కథే ఉన్నది, అక్కినేని నటనకు లోటు లేదు. కాని ఘంటసాల గళం తోడుకాగానే తాగుడుకొక వైభవం వచ్చింది. మా విద్యార్థులు పాడుకొనేది ఆ వైభవాన్నే. నవలలో పార్వతికి వార్త తెలిసేసరికి, అయినవారెవరూ లేకుండానే, దేవదాసు శవదహనం ముగిసిపోయింది.