రాష్ట్రపతి సంతకం విలువ - నీలం సంజీవరెడ్డి గారి జీవితం

రాష్ట్రపతి దేశ ప్రథమ పౌరుడు, త్రివిధ దళాల అధిపతి అని సాంఘిక శాస్త్రం పరీక్షలో మనమందరం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. బయట మాత్రం పెద్దలు ఆయన్ను రబ్బరు స్టాంపు అంటుంటారు. ఈ రెండింటిలో ఏది నిజం? తెలుగువాడైన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారి జీవితంలో దీనికి జవాబు దొరుకుతుందని మాకు అనిపించింది.

సంజీవరెడ్డి గారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో జన్మించారు. 1929లో అనంతపురం వచ్చిన గాంధీజీ ప్రభావం ఆయనపై పడింది. 1931లో కాలేజీ చదువు మాని ఉద్యమంలో చేరారు. 1940-45 మధ్య ఎక్కువ కాలం జైల్లోనే గడిపారు. తరువాత రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. అంటే, రాష్ట్రపతి పదవికి హద్దులు గీసిన సభలో ఆయనా ఒకరు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మన కోదాడ, మిర్యాలగూడ పొలాలకు ఎడమ కాలువ ద్వారా నీరిచ్చే నాగార్జునసాగర్ నిర్మాణం అప్పుడు సాగుతోంది. బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరయ్యాక పార్టీ సభ్యత్వం కూడా వదులుకున్నారు.

1969లో కాంగ్రెస్ ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపింది. కానీ ప్రధాని ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమని సభ్యులను కోరారు. మరో తెలుగువాడు వి.వి.గిరి గారు 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు. సంజీవరెడ్డి గారికి వచ్చినవి 4,05,427. ఆ ఏడాదే కాంగ్రెస్ రెండుగా చీలింది. ఉత్త రబ్బరు స్టాంపు కోసమైతే ఇంత పోరాటం జరిగేదా అని మాకు సందేహం.

1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి గారే. ఆ జూలైలోనే రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి.

ఇక అధికారాల సంగతి. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 1976లో 42వ సవరణ స్పష్టంగా రాసింది. ఆ సలహాను ఒక్కసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చని 44వ సవరణ చేర్చింది. రెండోసారి అదే సలహా వస్తే సంతకం పెట్టాల్సిందే. ఈ సవరణకు 1979 ఏప్రిల్ 30న ఆమోదం తెలిపింది సంజీవరెడ్డి గారే. మూడు నెలలు తిరక్కుండానే ఆయనకు అసలు పరీక్ష ఎదురైంది.

1979 జూలై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేదు. అలాంటప్పుడు ఎవరిని పిలవాలో రాజ్యాంగంలో వివరంగా లేదు. మద్దతుదారుల జాబితాలు పరిశీలించి రాష్ట్రపతి చరణ్‌సింగ్‌ను పిలిచారు, లోక్‌సభలో విశ్వాసం పొందాలని షరతు పెట్టారు. ఇందిరా గాంధీ మద్దతు ఉపసంహరించడంతో ఆయన సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు.

అప్పటికి జనతా పార్టీ నాయకుడు బాబూ జగ్జీవన్‌రామ్. 1971 యుద్ధ కాలంలో రక్షణ మంత్రిగా పనిచేసిన దళిత నాయకుడు. తనకు అవకాశం ఇవ్వమని రాష్ట్రపతిని కోరారు. రాష్ట్రపతి ఆయన్ను పిలవలేదు. ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేశారు. ఫిరాయింపుల మధ్య సుస్థిర ప్రభుత్వం సాధ్యం కాదని, ప్రజల తీర్పే మార్గమని సమర్థించేవారు అంటారు. సభ విశ్వాసం పొందని ప్రధాని సలహాను ఎందుకు ఆమోదించాలి, జగ్జీవన్‌రామ్ బలాన్ని సభలోనే ఎందుకు తేల్చనివ్వలేదు అన్నది విమర్శకుల ప్రశ్న. మా మనసు రెండో వైపే మొగ్గుతుంది. ఆయన నెగ్గేవారో లేదో చెప్పలేం. కానీ ఆ లెక్క సభలో తేలి ఉండాల్సింది. ఇప్పటివరకు ఈ దేశానికి దళిత ప్రధాని లేరు.

1980 జనవరిలో, 1969లో తన ఓటమికి కారణమైన ఇందిరా గాంధీ చేత ప్రధానిగా సంజీవరెడ్డి గారే ప్రమాణం చేయించారు. పాత పగను పదవిలోకి రానివ్వలేదు. 1982లో పదవీకాలం ముగిశాక అనంతపురం చేరుకున్నారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

తిప్పి పంపే అధికారం ఎంత పనిచేస్తుందో 1997లో తొలి దళిత రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు చూపించారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న సిఫారసును వెనక్కి పంపితే, కేంద్ర మంత్రివర్గం దాన్ని విరమించుకుంది.

కాబట్టి తమ్ముళ్ళూ, రాష్ట్రపతి మామూలు రోజుల్లో మంత్రిమండలి మాటకు కట్టుబడినవాడే. మెజారిటీ తేలని రోజున మాత్రం ఆయన నిర్ణయమే ఒకరికి తలుపు తెరుస్తుంది, మరొకరికి మూస్తుంది. రాజ్యాంగంలోని 74, 75, 85 అధికరణలను మార్కుల కోసమే కాక, ఈ సంగతి గుర్తుంచుకుని మరోసారి చదవండి.