చెరసాల తలుపులు తెరిచిన పాట

డిసెంబరు వచ్చిందంటే పరవాడ నుండి భీమునిపట్నం దాకా సంఘాల్లో క్వయర్ సాధనలు మొదలవుతాయి. ఒకప్పుడు హార్మోనియం, తబలాలతో పాడిన చోట ఇప్పుడు కీబోర్డు, గిటారు, వయొలిన్లు చేరాయి. మందిరంలో చోటు చాలక పెద్ద ఆడిటోరియంలో క్రిస్మస్ కచేరీ పెట్టుకునే సంఘాలూ ఉన్నాయి. అప్పుడు పెద్దల్లో ఒక ప్రశ్న వస్తుంది. ప్రభువు మాటలు మందిరంలో పాడాలి గాని, టికెట్టు పెట్టిన హాలులో పాడవచ్చునా?

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న కొత్తది కాదు. దాదాపు మూడు వందల ఏళ్ల క్రితం జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ అనే సంగీతకారుడు దీన్ని ఎదుర్కొన్నాడు. నేడు క్రిస్మస్ కాలంలో ప్రపంచంలోని పెద్ద పెద్ద కచేరీ హాళ్లలో ఆర్కెస్ట్రాతో వినిపించే 'మెస్సయ' ఆయన కూర్చిన గానమే. హల్లెలూయ కోరస్ అందులోనిదే.

హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలే పట్టణంలో పుట్టాడు. తండ్రి శస్త్రవైద్యం చేసేవాడు. కొడుకు న్యాయశాస్త్రం చదవాలని ఆయన కోరిక. బిడ్డ ఆర్గన్ వాయించడం విన్న ఒక ప్రభువు నచ్చజెప్పాక గాని సంగీతం నేర్పించడానికి ఒప్పుకోలేదు. హాండెల్ యౌవనంలో హాంబర్గ్‌లో, ఇటలీలో పనిచేసి, లండన్ చేరి అక్కడే స్థిరపడ్డాడు. ఇటాలియన్ సంగీత నాటకాలతో గొప్ప పేరు సంపాదించాడు.

ఆ పేరు నిలకడగా ఉండలేదు. జనం అభిరుచి మారింది, నాటకశాలలు నష్టపోయాయి. 1737లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కొన్ని నెలలకు కోలుకున్నాడు గాని, 1741 నాటికి ఆయన నాటకాలకు ఆదరణ కరువైంది.

ఆ ఏడాదే చార్లెస్ జెన్నెన్స్ అనే మిత్రుడు బైబిలు వచనాలనే ఏరి కూర్చిన ఒక పాఠాన్ని ఆయనకు పంపాడు. ప్రవక్తల మాటలు, రక్షకుని జననం, శ్రమలు, పునరుత్థానం అందులో వరుసగా ఉన్నాయి. హాండెల్ ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14కు ముగించాడు. 24 రోజుల్లో పని పూర్తయింది.

మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న ఐర్లాండులోని డబ్లిన్‌లో, ఫిషాంబుల్ వీధిలో అప్పటికి కొత్తగా కట్టిన సంగీతశాలలో జరిగింది. మరికొందరికి చోటు దొరకాలని స్త్రీలు వెడల్పాటి కుచ్చెళ్ల గౌన్లు, పురుషులు కత్తులు వదిలి రావాలని నిర్వాహకులు ముందే కోరారు. సుమారు 700 మంది కిక్కిరిసి కూర్చున్నారు. వచ్చిన సొమ్మును మూడు భాగాలు చేశారు. రెండు భాగాలు రెండు ఆసుపత్రులకు వెళ్లాయి. మూడో భాగంతో అప్పు తీర్చలేక జైల్లో మగ్గుతున్న 142 మందిని విడిపించారు. బాకీ కట్టలేని మనిషిని చెరలో వేసే కాలమది. యెషయా ప్రవచించిన విడుదలను గాయకులు పాడారు. ఆ పాట వల్లనే 142 మంది ఇంటికి చేరారు.

మరుసటి ఏడు లండన్‌లో ఎదురుగాలి వీచింది. వినోదానికి కట్టిన నాటకశాలలో, నటీమణుల నోట దేవుని వాక్యం పలకడం తగదని భక్తిపరులు కొందరు అభ్యంతరపెట్టారు. హాండెల్ ప్రకటనల్లో మెస్సయ అన్న పేరు కూడా వేయలేదు. ఆ నగరంలో ఆ గానానికి నిజమైన ఆదరణ దొరికింది 1750లో, తల్లిదండ్రులు విడిచిపెట్టిన పసిబిడ్డలను పెంచే ఫౌండ్లింగ్ ఆసుపత్రి ప్రార్థనాలయంలో. అక్కడికి ఆర్గన్ కానుకగా ఇచ్చినవాడు ఆయనే. ఆ తర్వాత ఏటేటా ఆ బిడ్డల కోసం మెస్సయ పాడించాడు. చనిపోయేటప్పుడు దాని ప్రతిని ఆ సంస్థకే రాసిచ్చాడు.

ఆయనను మచ్చలేని భక్తునిగా చూపించనక్కరలేదు. 1720లో, ఆఫ్రికా బానిసల వ్యాపారం చేసిన కంపెనీలో ఆయనకు వాటాలుండేవని పాత పత్రాలు చెబుతున్నాయి. చెరలోని వారిని విడిపించిన చేతులే అంతకు ముందు బానిసత్వపు లాభం కోరాయి. ఇది మనం దాచకూడని సంగతి. పాట ఎంత పవిత్రమైనదైనా, పాడేవాడి చేతుల్లోని డబ్బును కూడా దేవుడు చూస్తాడు.

చివరి ఏళ్లలో హాండెల్‌కు రెండు కళ్లూ పోయాయి. అయినా కచేరీలు మానలేదు. 1759 ఏప్రిల్ 6న చివరిసారిగా మెస్సయ ప్రదర్శనకు హాజరై, ఎనిమిది రోజులకు, శుభ శుక్రవారం మరునాడు కన్నుమూశాడు. ఆయన బ్రతికుండగా అది ఎక్కువగా ఈస్టరు ముందు రోజుల్లో పాడిన గానం. క్రిస్మస్ ఆనవాయితీగా మారింది తర్వాతి కాలంలోనే.

హాలా, మందిరమా అన్న ప్రశ్నకు హాండెల్ జీవితం ఒక జవాబు ఇస్తుంది. పాట ఎక్కడ పాడామన్నదానికంటే, పాడాక ఎవరి తలుపు తెరుచుకుందన్నది ముఖ్యం. ఈ క్రిస్మస్‌కు ఆడిటోరియం మాట్లాడుకునే సంఘాలు సౌండ్ సిస్టమ్, లైట్లు, భోజనాల లెక్కతో పాటు ఇంకొక లెక్క కూడా వేసుకోవాలి. మన పాటల వల్ల ఎవరి అప్పు తీరుతుంది? ఏ రోగి ఆసుపత్రి ఖర్చు గట్టెక్కుతుంది? ఏ అనాథ బిడ్డ బడికి వెళ్తుంది? ఆ లెక్క కుదిరితే ఏ హాలులోనైనా ధైర్యంగా పాడవచ్చు.