ప్రయోగశాలలో పరిచయమైన మహనీయుడు – యల్లాప్రగడ సుబ్బారావు

మాది ఎర్రగుంట్ల దగ్గర వ్యవసాయ కుటుంబం. వాన వస్తే పంట, రాకుంటే అప్పు. మా వైపు సైన్సు అంటే సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చిపెట్టే చదువని నమ్మకం. నేనూ ఆ నమ్మకంతోనే బి.యస్సీ.లో చేరినాను.

పోయినేడు మా జేజినాయనకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. చికిత్స మొదలైనాక కొన్ని నెలలకొకసారి రక్తం తీసి, పి.ఎస్.ఎ. అనే ప్రొటీను ఎంత ఉందో చూస్తున్నారు. ఆ అంకె తగ్గిన నాడు ఇంట్లో అందరికీ అన్నం సయిస్తుంది. పెరిగిన నాడు ఎవరూ మాట్లాడరు. కొంచెం రక్తం చూసి మనిషి ఆయుష్షు సంగతి ఎట్లా చెబుతారని జేజినాయన నన్ను అడిగినాడు. సైన్సు చదివేవాణ్ణయ్యుండీ జవాబు చెప్పలేకపోయినాను.

ఆ రోజుల్లోనే ల్యాబులో ఫాస్ఫేటు పరిమాణాన్ని కనుగొనే ప్రయోగం చేసినాము. పరీక్షనాళికలో ద్రావణం నీలిరంగుకు తిరిగింది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఆ పద్ధతి పేరు ఫిస్కే–సుబ్బారో. ఆ సుబ్బారో మన తెలుగువాడేనని లెక్చరర్ గారు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టినారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి, సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురైనారు. చివరికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖంతోనే బోస్టన్ చేరి, రాత్రిపూట ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించినారు.

సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆ నీలిరంగు పద్ధతిని ప్రకటించినారు. దాని సాయంతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయటపడినాయి. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళినారు.

ఇక జేజినాయన ప్రశ్నకు వస్తాను. ఫాస్ఫటేజులనే ప్రొటీన్లు ఇతర అణువుల నుంచి ఫాస్ఫేటును విడదీస్తాయి. విడిపోయిన ఫాస్ఫేటును కొలిస్తే ఆ ప్రొటీను జోరు తెలుస్తుంది. అట్లా కొలవడానికి సుబ్బారావు గారి పద్ధతి ఎన్నో ల్యాబులకు పనికొచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినవారి రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ పెరుగుతుందని 1938లో గుట్‌మన్ దంపతులు చూపించినారు. చికిత్స పనిచేస్తే అది తగ్గుతుందని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించినారు. 1980ల తర్వాత దాని స్థానాన్ని పి.ఎస్.ఎ. తీసుకుంది. పి.ఎస్.ఎ.ను సుబ్బారావు గారు కనుక్కోలేదు. కానీ కంటికి కనిపించనిదాన్ని రంగుగా మార్చి కొలిచే దారి వేసినవారిలో ఆయనొకరు.

లెడర్లేలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. తన తోబుట్టువులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా ఉపయోగపడింది. ఆ అణువునే కొంచెం మార్చి అమినోప్టెరిన్ తయారు చేసినారు. దానిని సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చినారు. పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించినారు. ఆ మందు పట్టి ఆపేది కూడా ఒక ప్రొటీనునేనని తర్వాత తేలింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కానీ సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే, యాభై మూడో ఏట, న్యూయార్కులో కన్నుమూసినారు. ఇల్లు విడిచినవారు మళ్ళీ స్వదేశం చూడలేదు.

సెలవులకు ఇంటికి పోయి జేజినాయనకు ఈ కథంతా చెప్పినాను. శనక్కాయ ఆకు రంగు చూసి వేరు సంగతి పసిగట్టినట్లే ఇదీ అన్నాను. అయితే ఆకు పసుపు తిరగడానికి నీళ్ళు నిలవడం, ఇనుము చాలకపోవడం, ఇట్లా కారణాలెన్నో. గ్రంథి ఊరికే వాచినా, చీము పట్టినా పి.ఎస్.ఎ. పెరుగుతుంది. అందుకే డాక్టరు ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పడు. ఆ మాట జేజినాయనకు బాగా ఎక్కింది. ఇప్పుడు అంకె పెరిగినా మునుపంత బెదరడం లేదు. చికిత్స సాగుతూనే ఉంది.

మిత్రులారా, మూడోసారికి మెట్రిక్ గట్టెక్కినవాడు ప్రపంచానికి ఇంత చేసినాడు. ఒక సబ్జెక్టు తప్పినామని కుంగిపోయేవాళ్ళం ఆయనను తలుచుకుందాం. ఈసారి ల్యాబులో ద్రావణం నీలమైనప్పుడు, మార్కులు వేసుకుని గబగబా సింకులో పారబోయకుండా ఒక్క నిమిషం ఆగుదాం.