జేమ్స్ ఎస్డేల్

జేమ్స్ ఎస్డేల్ (ఫిబ్రవరి 6, 1808 - జనవరి 10, 1859) స్కాట్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలులో పనిచేశాడు. మత్తుమందులు వాడుకలోకి రాని రోజులలో రోగులను మోహనిద్రలో ఉంచి పెద్ద శస్త్రచికిత్సలు చేసి ప్రసిద్ధుడయ్యాడు. హిప్నాటిజంతో చేసే చికిత్స (హిప్నోథెరపీ) ఎంతవరకు సురక్షితమన్న ప్రశ్నకు ఈయన జీవితం మంచి ఉదాహరణ.

తొలి జీవితం

ఎస్డేల్ మాంట్రోజ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య పూర్తిచేసి 1831లో కలకత్తా చేరాడు. కొన్నేళ్ళ తరువాత హుగ్లీ ఆసుపత్రి బాధ్యతలు స్వీకరించాడు.

మోహనిద్రలో శస్త్రచికిత్స

1845 ఏప్రిల్ 4న వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీ, శస్త్రచికిత్స నొప్పికి తాళలేకపోవడం చూసి, అప్పటివరకు పుస్తకాలలో మాత్రమే చదివిన మెస్మెరిజాన్ని ఎస్డేల్ మొదటిసారి ప్రయోగించాడు. రోగికి స్పర్శజ్ఞానం పోవడంతో ఆయనకు నమ్మకం కుదిరింది. చీకటి గదిలో రోగిని పడుకోబెట్టి, తల నుండి పొట్ట వరకు తాకీతాకనట్లు చేతులు కదిలించడం ఈ పద్ధతి. దీనికి గంటల సమయం, ఒక్కొక్కసారి రోజులు పట్టేది. అందువలన ఈ పనికి ఆసుపత్రిలోని భారతీయ సహాయకులకు శిక్షణ ఇచ్చాడు. మొదటి 8 నెలలలో చేసిన 73 శస్త్రచికిత్సల వివరాలను 1846లో గ్రంథంగా ప్రచురించాడు. బోదవ్యాధి వలన ఏర్పడిన భారీ కణితులను తొలగించినప్పుడు మరణాలు బాగా తగ్గాయని ఆయన పేర్కొన్నాడు.

పరిశీలన, విమర్శలు

1846లో ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. కొందరు రోగులు నొప్పి తెలియకుండా ఉన్నారనీ, కొందరి శరీరంలో బాధ సూచించే కదలికలు కనిపించాయనీ, మరికొందరికి ఎన్ని రోజులు ప్రయత్నించినా మోహనిద్ర రాలేదనీ ఆ సంఘం గమనించింది. ఫలితం అందరిలో ఒకేలా లేకపోవడమే ఈ పద్ధతిలోని పెద్ద లోపం. అయినప్పటికీ మరింత పరీక్ష కోసం కలకత్తాలో ఒక ప్రత్యేక ఆసుపత్రి ఏర్పాటైంది.

రోగులలో ఎక్కువమంది నిరుపేదలు, ఖైదీలు. ముందుగా చెప్పకుండానే శస్త్రచికిత్స చేసిన సందర్భాలున్నాయి. నేటి వైద్యనీతి దీనిని అంగీకరించదు.

1845లో ఒక మంగలి మంత్రించి బాలుని ఎత్తుకుపోయాడన్న కేసులో ఎస్డేల్ హుగ్లీ న్యాయస్థానంలో సాక్ష్యమిచ్చాడు. మెస్మెరిజంతో అది సాధ్యమేనని కొందరిని అక్కడే మోహనిద్రలోకి పంపి చూపాడు. మేలు చేసే విద్యే దుర్వినియోగం కూడా కాగలదన్న భయం ఆనాడే ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

చివరి దశ

1846లో ఈథర్, 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చాయి. ఇవి నిమిషాలలో పనిచేయడంతో మెస్మెరిజం వెనుకబడింది. అయితే క్లోరోఫారం వలన కూడా మరణాలు సంభవించాయి. ఆ మందు భద్రతను తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులో రెండు పరిశోధనా సంఘాలు పనిచేశాయి. లార్డ్ డల్హౌసీ 1848లో ఎస్డేల్‌ను ప్రెసిడెన్సీ సర్జనుగా నియమించాడు. 1851లో ఎస్డేల్ స్వదేశానికి వెళ్ళి, లండన్ సమీపంలోని సిడెన్‌హాంలో 50 ఏళ్ళ వయసులో మరణించాడు.

నేటి అవగాహన

ఎస్డేల్ నమ్మినట్లు ఒకరి నుండి మరొకరికి ప్రవహించే శక్తి ఏదీ లేదు. ఏకాగ్రత, సూచనల ప్రభావమే హిప్నాటిజానికి మూలమని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. శిక్షణ పొందిన వైద్యుల చేతిలో ఇది సాధారణంగా సురక్షితం. కొందరికి తలనొప్పి, తలతిరుగుడు, ఆందోళన తాత్కాలికంగా కలగవచ్చు. జరగని సంఘటనలు జరిగినట్లు జ్ఞాపకాలు ఏర్పడే ప్రమాదం ఉంది. తీవ్ర మానసిక వ్యాధులున్నవారి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. దీనిని నమ్ముకొని అవసరమైన వైద్యాన్ని ఆలస్యం చేయడం అన్నిటికంటే ప్రమాదకరం.