ఇరవై అంకెల మల్లన

సి లాంగ్వేజ్‌లో అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ అని ఒక డేటా టైప్ ఉంది కదా. మన సిస్టమ్స్‌లో దానికి 64 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 18446744073709551615. ఈ ఇరవై అంకెల్నీ, ఒక్కటి కూడా తప్పిపోకుండా, తెలుగు పద్యంలో పెట్టిన కవి ఒకాయన ఉన్నాడు. పేరు పావులూరి మల్లన. తెలుగులో మొదటి గణిత గ్రంథం ఆయనదే. ఇంటర్ రెండేళ్ళూ లెక్కలే లోకంగా బతికినా, ఈ పేరు నా చెవిన పడింది మాత్రం బీటెక్‌కి వచ్చాకే.

ఇంటిపేరుకి తగ్గట్టు ఊరు పావులూరు. పాత కమ్మనాడులోది, ఇప్పటి ఇంకొల్లు దగ్గర. అది 11వ శతాబ్దం. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు రాజు, ఆయన కొలువులో నన్నయ మహాభారతాన్ని తెలుగు చేస్తున్నాడు. ఆ రాజే మల్లనకి పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరిని అగ్రహారంగా ఇచ్చాడంటారు. ఇక్కడో చిక్కుంది. అగ్రహారం అందుకున్న మల్లన, గణితం రాసిన మల్లన ఒకరేనని కొందరు పండితుల మాట. కాదు, అందుకున్నది తాత, రాసింది మనవడు అని ఇంకొందరు. తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్ళలో మామూలే కాబట్టి రెండో మాటా కొట్టిపారేసేది కాదు. ఎవరైతేనేం, ఒక వైపు భారతం తెలుగులోకి వస్తున్న కాలంలోనో, ఆ వెంటనేనో, ఇంకో వైపు లెక్కలూ వచ్చాయి. మొదటి దానికి మనం చేసిన పండగలో పదో వంతు రెండోదానికి చెయ్యలేదని నా ఫీలింగ్.

ఆయన తెలుగు చేసిన పుస్తకం గణితసార సంగ్రహం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాశాడు. (సంస్కృత మూలం ఇంగ్లీష్ అనువాదంతో 1912లో మద్రాసులో అచ్చయింది, రంగాచార్య గారు చేశారు.) అందులో మామిడిపళ్ళు పంచుకోవడం, తెగిపోయిన ముత్యాల హారం, బాటసారులకి దారిలో దొరికిన డబ్బు సంచి, వడ్డీలు, బంగారం కల్తీ ఇలాంటి లెక్కలుంటాయి. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అందుకని జినుడు ఉన్న చోట్ల శివుడు వచ్చాడు. కొన్ని వదిలేశాడు, కొన్ని కుదించాడు, ఉదాహరణలు మార్చాడు. అంటే మాటకి మాట దించలేదు, ఎదురుగా ఉన్న తెలుగువాడికి అర్థమయ్యేలా మళ్ళీ చెప్పాడు. అప్పటికి మనం ఇప్పుడు రాసే x లేదు, ఈక్వల్స్ గుర్తు లేదు. వర్డ్ ప్రాబ్లమ్ అనేది చాప్టర్ చివర భయపెట్టే నాలుగు ప్రశ్నలు కాదు, లెక్క మొత్తం మాటల్లోనే ఉండేది.

ఆ ఇరవై అంకెల పద్యం చదరంగం గళ్ళ గురించి. మొదటి గడిలో 1, తర్వాత 2, తర్వాత 4, అలా రెట్టిస్తూ 64 గళ్ళూ కలిపితే వచ్చేది 2 పవర్ 64 మైనస్ 1. అంకెలకి బదులు ఆయన వస్తువుల పేర్లు వాడాడు. బాణాలంటే 5, ఎందుకంటే మన్మథుడికి ఐదు. చంద్రుడు 1, ఆకాశం 0, అగ్ని 3, సముద్రాలు 4, కొండలు 7, ఏనుగులంటే దిగ్గజాలు కాబట్టి 8. ఒకట్ల స్థానం ముందు వస్తుంది, అంకెల్ని చెప్పే మాటల్లో చివరిది సంఖ్యలో మొదటి అంకె. సీఎస్ఈ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే లిటిల్ ఎండియన్.

మల్లన చేసిన పని ఎంత కష్టమో నాకు తార్నాకలో తెలిసింది. మా పై వాటాలో ఉండే పిల్లాడికి సాయంత్రాలు లెక్కలు చెప్తున్నా. పది దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం ఇంటర్. ఎంపీసీ నా వల్ల కాదు, సీఈసీకి మారిపోతా అని ఇంట్లో రోజూ గొడవ. వాళ్ళిచ్చిన వర్క్‌షీట్‌లో అసమీకరణాలున్నాయి. గుర్తు పెట్టి ఇస్తే చకచకా చేసేస్తాడు. మాటల్లో ఇస్తే ఆగిపోతాడు. ఎట్ లీస్ట్ అని ఉంటే లీస్ట్ చూసి ≤ పెడతాడు. నాట్ మోర్ దాన్ అంటే మోర్ చూసి ≥. ఇది లెక్క రాకపోవడమా?

పుస్తకం మూసి ఇలా అడిగా. తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీకి ఆటో. ఆటో అన్న ఎనభైకి తక్కువ రానంటాడు. నువ్వు అరవై దాటి ఇవ్వనంటావు. ఛార్జీ x అనుకో. వాడు x ≥ 80, x ≤ 60 అని రాసి, పెన్ను పెట్టేసి, ఇంక నడుచుకుంట పోవుడే అన్నా అన్నాడు. సాధన లేదు అనే మాటకి నేను ఇంతవరకు విన్న బెస్ట్ తెలుగు అదే. ఆ తర్వాత బేరం మార్చాం. ఆటో అన్న 65కి దిగాడు, మనవాడు 70 దాకా ఎక్కాడు. సంఖ్యారేఖ మీద 65 నుంచి 70 వరకు గీత పడింది. కనీసం, తగ్గకుండా అంటే ≥. మించకుండా, దాటకుండా, మహా అయితే అంటే ≤. లోపు దగ్గర మాత్రం ఇద్దరం అరగంట వాదించుకున్నాం. వందలోపు అంటే వంద కూడా వస్తుందా రాదా? ఇంకా తేలలేదు. పరీక్షలో ఆ మాట రాదులే అని వాడు, రావాలిరా అని నేను.

రోజూ తిరిగే ఉస్మానియా క్యాంపస్‌లో కూడా ఇదే పని ఒకప్పుడు పెద్ద ఎత్తున జరిగింది. 1917లో నిజాం ఫర్మానాతో పుట్టిన ఈ యూనివర్సిటీ ఉర్దూలో పాఠాలు చెప్పింది, సైన్సు, ఇంజనీరింగ్‌తో సహా. పుస్తకాలు తర్జుమా చెయ్యడానికీ, శాస్త్ర పదాలు తయారు చెయ్యడానికీ ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది. 1948 తర్వాత ఇంగ్లీష్ వచ్చింది. తెలుగు అకాడమీ 1968లో మొదలైంది. నవఖండవాడ మల్లన ఇవన్నీ లేకుండా కూర్చుని రాశాడు.

ఇక చదరంగం లెక్కని మా వాడికి అసమీకరణంగా ఇచ్చా. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు అనుకుందాం. 25 కిలోల బస్తాలో పన్నెండున్నర లక్షల గింజలు. n గళ్ళ దాకా నింపాలంటే 2 పవర్ n మైనస్ 1 ఆ సంఖ్యని మించకూడదు. 20 గళ్ళకి 10,48,575, సరిపోయింది. 21కి 20,97,151, చాలదు. రెండు బస్తాలు తెస్తే 21 గళ్ళు. నాలుగు తెస్తే 22. ఎనిమిది తెస్తే, అంటే కోటి గింజలకి, 23. బస్తాలు రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది ఒక్క గడి. వాడు అక్కడ ఆగి, రాజు ముందే ఒప్పుకోకుండా ఉండాల్సింది అన్నాడు. సీఈసీ మాట ఈ వారం రాలేదు.

మీకూ ఒకటి. హాస్టల్ స్టోర్‌లో అవే 25 కిలోల బస్తాలు కనీసం 40, మహా అయితే 60 ఉన్నాయి. ఎన్ని గళ్ళు నిండుతాయి? ముందు తెలుగులో చెప్పుకుని, తర్వాత గుర్తు పెట్టండి. 40కీ 60కీ జవాబు ఒకటే వస్తుందా, వేరా? క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, చూద్దాం.