వెలుగును ఔషధంగా మలచిన నీల్స్ ఫిన్సెన్

ఎండకు కొదువ లేనివారికి ఎండ విలువ అంతగా తోచదు. మంచూ, మబ్బూ, వానా తరచు కమ్ముకొని ఉండే దీవులలో పుట్టినవానికి ఒక్క ఎండపొడ కూడ పెన్నిధి వంటిది. వెలుగును వైద్యుని చేతికి ఔషధంగా అందించిన నీల్స్ రీబెర్గ్ ఫిన్సెన్ అటువంటి దీవులలోనే పుట్టినాడు.

అట్లాంటిక్ మహాసముద్రపు ఉత్తరభాగంలో, డెన్మార్కు ఏలుబడిలో ఉన్న ఫేరో దీవులకు టోర్స్‌హావన్ ముఖ్యపట్టణం. అక్కడ 1860 డిసెంబరు 15వ తేదీన ఫిన్సెన్ జన్మించినాడు. తండ్రి ఐస్‌లాండు వంశీయుడు, ప్రభుత్వోద్యోగి. తల్లి ఇతని పసితనంలోనే కన్నుమూసింది. చదువుకై డెన్మార్కులోని ఒక వసతి పాఠశాలకు పంపగా, ఈ పిల్లవానికి మంచి మనసే గాని తెలివీ చురుకూ తక్కువని అక్కడి ప్రధానోపాధ్యాయుడు తేల్చినాడు. పిమ్మట ఐస్‌లాండులోని రేక్యవిక్ పాఠశాలలో చేరి, 1882లో, 21వ ఏట, 15 మంది విద్యార్థులలో 11వ వాడుగా బయటపడినాడు. వెనుక బల్లమీది పిల్లవానిపై తీర్పు చెప్పబోయే ఉపాధ్యాయులు ఈ సంగతిని ఒకమారు తలచుకోవడం మంచిది.

ఆ యేడే కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరినాడు. మరుసటి సంవత్సరం నుండే అంతుచిక్కని వ్యాధి అతనిని పట్టుకొన్నది. గుండెను చుట్టిన పొర, కాలేయం క్రమంగా గట్టిపడి, ఉదరంలో నీరు చేరసాగింది. ఎల్లవేళలా నీరసం. అతడు కాపురమున్న ఇల్లు ఉత్తరాభిముఖం, ఎండ సోకదు. ఎండలో కూర్చున్ననాడు తనకు కొంత తెరపిగా ఉండడం అతడు గమనించినాడు. ఒకనాడు కిటికీలో నుండి చూడగా, ఎదుటి మేడమీద ఎండ కాగుతున్న పిల్లి ఒకటి కనిపించింది. నీడ తనమీదికి జరిగినప్పుడెల్ల అది లేచి మరల ఎండలోనికి జరుగుతున్నది. ఇందరు చూచిన దృశ్యమే. కాని ఆ పిల్లి వెదకుతున్నది వేడిమినా, వెలుగునా అన్న ప్రశ్న ఫిన్సెన్‌ను వదలలేదు. అతని జీవితకార్యమంతా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానమే.

1890లో వైద్యపట్టం పొంది, శరీరనిర్మాణశాస్త్ర శాఖలో బోధకుడుగా కొలువు చేసినాడు. 1893లో పరిశోధనకై ఆ కొలువు విడిచినాడు. మశూచి రోగులను ఎర్రని వెలుతురు మాత్రమే ప్రవేశించే గదులలో ఉంచితే మచ్చలు తగ్గునని అతడు మొదట ప్రకటించినాడు. ఆ వాదం కాలపరీక్షకు నిలువలేదు. నిలిచినది దాని తరువాతి కృషి.

ఆ రోజులలో ముఖాన్ని కొరుక్కుతినే చర్మక్షయ ఐరోపాలో వేలమందిని పీడించేది. ముక్కూ పెదవులూ కరగిపోయి, రోగులు నలుగురిలో తిరుగలేక ఇల్లు కదిలేవారు కారు. 1895లో అట్టి రోగి ఒకనిపై ఫిన్సెన్ తన వెలుగును ప్రయోగించినాడు. పద్ధతి సులభమైనదే. నీలి ద్రావణం నింపిన కటకాలతో సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చడం. ఎండ లేనినాడు విద్యుత్తుతో వెలిగే ఆర్కు దీపాన్ని వాడడం. అయితే కిరణాలను కూడగట్టితే చర్మం కాలిపోదా? అందుకే దారిలో చల్లని నీటిని అడ్డుపెట్టి వేడిమిని వడగట్టినాడు. రక్తం వెలుగును లోనికి పోనీయదని గ్రహించి, పుండుపై కటకాన్ని నొక్కిపట్టి రక్తాన్ని ప్రక్కకు తొలగించినాడు. నర్సులు ఒక్కొక్క రోగి చెంత గంటసేపు ఆ కటకాన్ని పట్టుకొని కూర్చునేవారు. నెలల తరబడి సాగే చికిత్స అది. పుండ్లు మానినవి.

1896లో కోపెన్‌హాగెన్‌లో ఫిన్సెన్ పేర వెలుగువైద్య సంస్థ వెలసింది. డెన్మార్కు రాజపుత్రిక, ఆంగ్లేయుల కోడలు అయిన అలెగ్జాండ్రా 1900లో ఆ దీపాన్ని లండన్ ఆసుపత్రికి చేర్చింది. 1903లో నోబెల్ వైద్య బహుమానం ఫిన్సెన్‌ను వరించింది. అప్పటికతడు చక్రాల కుర్చీకి అంటుకొని ఉన్నాడు, స్టాక్‌హోమ్‌కు పోలేకపోయినాడు. బహుమానపు సొమ్ములో పెద్దభాగాన్ని తన సంస్థకూ, గుండె కాలేయ రోగుల ఆరోగ్యశాలకూ ఇచ్చివేసినాడు. చివరి దినాలలో తన రోగాన్నే పాఠంగా చేసుకొని, శరీరంలో ఉప్పు చేరికను గూర్చి వ్రాసినాడు. 1904 సెప్టెంబరు 24న, 43వ ఏట, తుదిశ్వాస విడిచినాడు. వేలమంది పుండ్లను మాన్పిన వెలుగు అతని గుండెను చేరలేదు.

క్షయకు మందులు వచ్చిన పిదప ఆ దీపాలు మూలబడినవి. కాని వేడిమి లేని వెలుగు దేహంపై పనిచేయునన్న భావం మూలబడలేదు. ఫిన్సెన్ నోబెల్ పొందిన 1903లోనే జన్మించిన ఎండ్రె మెస్టర్ అనే హంగరీ వైద్యుడు, 1967లో బుడాపెస్ట్‌లో ఎలుకలపై లేజరు కాంతిని మందంగా ప్రసరింపజేయగా, గొరిగిన రోమాలు త్వరగా మొలవడం గమనించినాడు. అటుపిమ్మట మానని పుండ్లపై దానిని ప్రయోగించినాడు. నేడు ఆ మార్గంలోనే మధుమేహరోగుల పాదవ్రణాలపై ఎరుపు, పరారుణ కిరణాలను పరీక్షిస్తున్నారు. కణాలలోని శక్తికేంద్రాలను ఆ కిరణాలు మేల్కొలుపునని శాస్త్రజ్ఞుల ఊహ. చిన్న పరీక్షలు కొన్ని ఆశ కల్పించినవి. పెద్ద పరీక్షలు ఇంకను జరుగవలసి ఉన్నది. అందాక పాదంపై భారం పడకుండ కాపాడడం, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడం, పుండును శుభ్రపరచడం, రక్తప్రసారాన్ని పరీక్షింపజేయడం, ఇవే ప్రధాన చికిత్సలు. ఇంటిలో మధుమేహరోగి ఉన్నవారు మరొక సంగతి మరువరాదు. నరాలు మొద్దుబారిన పాదానికి కాలినా తెలియదు. పుండు మానునని పాదాన్ని ఎండలో గాని దీపం దగ్గర గాని కాచరాదు. వెలుగు వేరు, వేడిమి వేరు అన్న ఫిన్సెన్ పాఠం ఇక్కడ ప్రాణప్రదమైనది.

వెలుగు ఎట్లు పనిచేసినదో ఫిన్సెన్ చెప్పిన కారణం పూర్తిగా సరికాదని 2005లో డెన్మార్కు శాస్త్రజ్ఞులే తేల్చినారు. క్రిములను చంపగల అతి హ్రస్వ కిరణాలను అతని కటకాలే అడ్డగించినవట. నీలి ఊదా కిరణాలు క్రిములలోని కొన్ని రంగుపదార్థాల ద్వారా ఆ పని నెరవేర్చి ఉండవచ్చునట. సిద్ధాంతం మారింది, మానిన ముఖాలు మారలేదు. తెలివి తక్కువవాడని తోసివేయబడిన బాలుడు పిల్లిని చూచి వేసుకొన్న ప్రశ్న ఇంకను ప్రయోగశాలలలో సజీవంగా ఉన్నది.